పురభవనం వాయవ్య మూల

ఆదివారం, పొద్దున

మా ఇంటి డాక్టరమ్మకి,

ఇక్కడ ముగ్గురం క్షేమం. నువ్వు అక్కడ వేళకి తింటూ, వేళకి నిద్రపోతూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఈ మొదటి మాట రెండుసార్లు రాసి కొట్టేశాను. ఒంటి వరకు చూసుకుంటే నిజమే కదా అని మూడోసారి ఉంచేశాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నా నువ్వు ఉత్తరాలు మానకపోవడం మంచిదే అయింది. ఫోన్లో ఏదైనా అడిగితే "ఆ, బాగానే ఉందిలే" అనేసి మన పిల్ల గోరింక చేతికి ఇచ్చేస్తాను. కాగితం మీద అడిగితే తప్పించుకోవడం కష్టం. నర్సు ట్రైనింగులో ప్రశ్నలు వేయడం కూడా నేర్పుతున్నట్టున్నారు, ఈసారి వరస పెట్టి ఆరు వేశావు.

గోరింకకి పై పన్ను ఊడింది. అసలే మన పిల్ల నోరు ఎనిమిదేళ్ళుగా మూతపడింది లేదు, ఇప్పుడు ఆ మాటలన్నీ సందులోంచి ఈలలు వేసుకుంటూ వస్తున్నాయి. దాని దగ్గు తగ్గింది. వంటింటి కిటికీ బిగించావా అని అడిగావు. బిగించలేదు. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ బాగుచేసే మేస్త్రీ ఇంట్లో కిటికీ రెక్క తాడుతో కట్టి ఉంది, నవ్వుకో. పోయిన ఉత్తరం ఎందుకంత పొట్టిగా ఉందన్నావు. దాని సంగతి తర్వాత రాస్తాను.

ఐదోది, పురభవనం ఎలా ఉందో మీ గదిలో అమ్మాయి అడిగిందన్నావు. పాత కట్టడాల బొమ్మలు వేసే పిల్ల కాబట్టి వివరంగా రాస్తాను, చదివి వినిపించు. కింది అంతస్తు అంతా కమానులే, నాలుగు వైపులా కలిపి ఇరవై రెండు. ఒకప్పుడు వాటి కింద ధాన్యం కొలిచేవారట, ఇప్పుడు జనం సైకిళ్ళు పెట్టుకుంటున్నారు. మెట్ల గది గుండ్రంగా ఉంటుంది. ప్రతి రాతి మెట్టూ ఒక కొస గోడలో దూరి, కింది మెట్టు మీద ఆనుకుని ఉంటుంది. అడుగున దిమ్మె లేదు, స్తంభం లేదు. కొత్తవాళ్ళు ఆ మెట్లెక్కుతూ కిందికి చూసి గోడ పట్టుకుంటారు. నువ్వు నర్సింగు ఫారం నింపింది ఆ నాలుగో మెట్టు మీద కూర్చునే.

పైన సభ జరిగే హాలు. పద్నాలుగు కిటికీలు. గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో గోరింక కాళ్ళు చాపుకుని బొమ్మలు వేసుకుంటుంది. కప్పు ఇటుకల కమాను, బోర్లించిన పడవలా ఉంటుంది. కప్పూ గోడా కలిసే చోట చుట్టూరా కార్నిసు, ఏడాదిన్నర పాటు మీ నాన్నా నేనూ కప్పుతో పాటు బాగుచేసిందే. అచ్చుపలకని సున్నం మీద ఒకే ఊపున లాగితే వచ్చే గీతలు, గీతల మధ్య గుల్ల, పైన ఆకుల వరస. ఆ భవనం మొత్తంలో గుప్పెడు సిమెంటు ఉండకూడదు. గుమ్మం పక్కన రక్షిత కట్టడమని నీలం పలక ఉంది చూడు, దాని అర్థం అదే. సున్నం తీసిన చోట సున్నమే పెట్టాలి.

ఎందుకో నీకు వేరే చెప్పక్కర్లేదు, మీ నాన్న చెప్పగా చిన్నప్పటి నుంచీ వింటున్నావు. ఆ అమ్మాయి కోసం రాస్తున్నాను. పాత గోడల్లో తడిని ఆపే పొరంటూ ఏదీ ఉండదు. నేల తడి పైకి పాకుతుంది, వాన తడి లోపలికి దిగుతుంది, రెండూ సున్నపు పూతలోంచి మెల్లగా ఆవిరైపోతాయి. సిమెంటైతే ఆ దారి మూసేస్తుంది. "గోడకి తడి పట్టడం రోగం కాదు అల్లుడూ, పట్టింది పోకపోవడం రోగం" అంటారు మామయ్య.

ఇక ఆరో ప్రశ్న. "బావా, నాన్న ఎప్పుడూ ఉత్తరం చివర రెండు ముక్కలు రాసేవాడు కదా, ఈసారి ఎందుకు రాయలేదు? ఆపరేషనైన కన్ను నొప్పి పెడుతోందా?" అన్నావు. కన్ను బాగానే ఉంది. నీ పరీక్షలు అయ్యేదాకా చెప్పొద్దని నాకూ గోరింకకీ ఒట్టు పెట్టారు. పరీక్షలు మొన్న అయిపోయాయి కాబట్టి చెబుతున్నాను. నువ్వు కూర్చుని చదువు.

పదహారు రోజుల క్రితం, పొద్దున పదకొండింటికి, సభ హాలు వాయవ్య మూలలో కార్నిసు ఊడిపడింది. పెచ్చులు పెచ్చులుగా కాదు, నాలుగు గజాల పట్టీ ఒక్క చెక్కలా వచ్చేసింది. దాని కింద బల్ల దగ్గర రికార్డులు చూసే ఆవిడ కూర్చుంటుంది. కిటికీ మూయడానికి అప్పుడే లేచింది. కుర్చీ పొడిపొడి అయింది. ఒక ముక్క ఎగిరి ఆవిడ భుజానికి తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. ఇప్పుడు తిరుగుతోంది, పలకరిస్తే నవ్వుతోంది కూడా. నేనే ఆవిడ ముఖం చూడలేకపోతున్నాను.

పురావస్తు శాఖ నుంచి మన సుత్తి మేడం వచ్చింది. చేతిలో చిన్న చెక్క సుత్తి పెట్టుకుని గోడల్ని తట్టుకుంటూ తిరుగుతుందని ఆ పేరు పెట్టాం గానీ, మాటల్లో ఆవిడంత పొదుపరి ఇంకొకరు లేరు. కప్పు చూసింది, కింద మిగిలిన నాలుగు ముక్కలు చూసింది. "ఈ సున్నం ఎవరు కలిపారు?" అని ఒక్కటే అడిగింది.

మామయ్య ముందుకొచ్చారు. "నేనేనమ్మా. అచ్చు లాగింది మా అల్లుడు, అందులో తప్పేం లేదు, నాకంటే నునుపుగా లాగాడు. సున్నం నాది. నానబెట్టింది నేను, జల్లించింది నేను. సరిగ్గా నానిందో లేదో చేత్తో చూసి చెప్పేవాణ్ణి, ఈసారి చెయ్యి మోసం చేసినట్టుంది" అన్నారు.

ఆవిడ కాగితం మీద రాసుకుంది. వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. పెద్ద మేస్త్రీ రక్షిత కట్టడాల పని ఆపాలి. వచ్చే గురువారం విచారణ. సున్నం చెడిందని తేలితే, ఒక మూలది చెడ్డాక మిగతాది నమ్మలేం కాబట్టి, కప్పు మొత్తం గీకేయించి వేరే ఊరి వాళ్ళతో చేయిస్తారు. కప్పు మొత్తం అంటే తెలుసుగా. ఏడాదిన్నర పని. ఆయన వెల్లకిలా పడుకుని మెడ పట్టేసి, నువ్వు కాపడం పెట్టిన పనంతా.

కార్నిసు పడిన మర్నాటి నుంచే ఇంట్లో ఉంటున్నారు. తాపీ కడిగి, నూనె రాసి, పాత పంచె గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేశారు. రెండు ముద్దలు తిని చాలంటారు. వేళ్ళు ఒకదానికొకటి రాసుకుంటూ కూర్చుంటారు. పాపని పిలిచి బియ్యంగింజా ఇసుకా అరచేతిలో పోయించుకుని, కళ్ళు మూసుకుని ఏది ఏదో చెబుతారు. అన్నీ సరిగ్గానే చెబుతారు. అయినా తల అడ్డంగా ఊపుతారు. ఉత్తరం కింద రెండు ముక్కలు రాయమంటే, "ఈ చేత్తో ఏం రాస్తానులే" అన్నారు. నీ ఆరో ప్రశ్నకి జవాబు అది.

ఇంతవరకు చదివి నువ్వు నాన్న గురించి ఏడుస్తూ ఉంటావు. ఇంకాస్త చదువు. సున్నంలో ఏ లోపమూ లేదు. ఆ మూలలో సిమెంటు ఉంది. నేను వేశాను.

ఎలా జరిగిందో రాస్తాను, సాకులు చెప్పుకోవడానికి కాదు. నువ్వు వెళ్ళిన రెండో వారం ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్ళారు కదా. వెళ్ళేముందు పరంజా ఎక్కి ఆ మూల తట్టి చూశారు. వాన నీళ్ళ గొట్టం ఆ మూల గోడ లోపల నుంచే దిగుతుంది. అది కారి ఇటుక తడిసి ఉంది. "ఇది ముట్టుకోకు. గొట్టం మార్చారు కాబట్టి నెలలో ఆరుతుంది. ఆరాక ఇద్దరం లాగుదాం" అన్నారు. సరేనన్నాను. ఆయన అటు వెళ్ళగానే మున్సిపల్ ఛైర్మన్ వచ్చి ప్రారంభోత్సవానికి తేదీ పెట్టేశాం, శిలాఫలకం కూడా చెక్కిస్తున్నాం అన్నాడు. నెల అంటే కుదరదన్నాడు. "మామగారు లేకపోతే నీకు చేతకాదా?" అన్నాడు. నిజం చెబుతున్నాను, తేదీ కంటే ఆ మాటే నన్ను ముంచింది.

రెండుసార్లు సున్నంతో లాగాను. తడి ఇటుక మీద పట్టక రెండుసార్లూ జారి నా ముఖాన పడింది. మూడోసారి పక్క వీధిలో దుకాణం కడుతున్నవాళ్ళ దగ్గర రెండు తట్టల సిమెంటు తెచ్చి కలిపాను. అబ్బ, ఎంత చక్కగా నిలబడిందో. పైన పల్చగా సున్నం పూత పూస్తే పక్క కార్నిసుకీ దానికీ తేడా తెలియలేదు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మామయ్య వచ్చి, తల పైకెత్తి చాలాసేపు చూశారు. "ఆరకముందే ఎలా నిలబెట్టావయ్యా?" అన్నారు. బొగ్గుల కుంపటి పెట్టి ఆరబెట్టానన్నాను. నమ్మారు. అల్లుడు తనని మించిపోయాడని ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. పక్కనే నిలబడి విన్నాను.

తడి లోపలే ఉండిపోయింది. బయటికి దారి లేక నాలుగు నెలల్లో ఇటుకనీ సిమెంటునీ విడదీసింది. అది పడిన రోజు మేడం రావడానికి రెండు గంటలు పట్టింది. జనం కాలికి అడ్డమని చెప్పి నేనే ముక్కలన్నీ గోతాల్లో ఎత్తించి చెత్తబండి ఎక్కించేశాను. నేలంతా శుభ్రంగా తుడిపించానని ఛైర్మన్ మెచ్చుకున్నాడు కూడా. ఆవిడకి మిగిలినవి పైపూత ముక్కలే, అవి శుభ్రమైన సున్నం.

పోయిన ఉత్తరం పొట్టిగా ఉండటానికి కారణం ఇది. ఆయన ఇప్పుడు పెరటి మెట్ల మీద కూర్చున్నారు, ఇక్కడికి కనిపిస్తున్నారు. నీకు రాయగలిగినవాణ్ణి ఆయనకి చెప్పలేనా అనుకుంటున్నాను. కాగితం మడిచి లేస్తున్నాను.

శుక్రవారం

ఉత్తరం అక్కడ ఆగిపోయింది. మిగతాది వరసగా రాస్తాను.

ఆదివారం నేను పెరట్లోకి వెళ్ళేసరికి మామయ్య గోరింక చెప్పుల పట్టీ కుట్టబోయి, సూదిలో దారం ఎక్కించి కూడా, "నా వల్ల కాదమ్మా, మీ నాన్నకివ్వు" అని దాని చేతిలో పెడుతున్నారు. పిల్లని పక్కింటికి పంపించి ఆయన కింది మెట్టు మీద కూర్చున్నాను. నేలని చూస్తూ, "మామయ్యా, ఆ మూలలో సిమెంటు కలిపాను" అన్నాను. కుంపటి అబద్ధమనీ, గోతాలు నేనే పంపేశాననీ అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. చెయ్యి చేసుకున్నా బాగుండుననిపించింది.

ఆయన నా వైపు వంగి, "అయితే సున్నం బాగానే ఉందంటావా?" అన్నారు.

"బాగానే ఉంది మామయ్యా."

"నేను నానబెట్టిన సున్నమేగా?"

"అదే. దాంట్లో ఏ లోపమూ లేదు."

"నిజంగా?" అన్నారు మళ్ళీ. చిన్నపిల్లలు అడుగుతారే, అలా అడిగారు.

లేచి పెరటి గోడ పక్కనున్న డ్రమ్ము దగ్గరికి వెళ్ళారు. మిగిలిన సున్నం అందులో నీళ్ళ కింద ఉంది. చొక్కా చేతులు పైకి మడుచుకుని మోచేతిదాకా ముంచి, ముద్ద తీసి వేళ్ళ మధ్య నలిపారు. చెవి దగ్గర పెట్టుకుని నలిపారు. వాసన చూశారు. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకుని దగ్గరికెళ్ళాను. నవ్వుతున్నారు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ నవ్వుతున్నారు. "వెన్నలా ఉందయ్యా" అన్నారు, నాతోనో డ్రమ్ముతోనో తెలియలేదు. చేతులు కడుక్కుని వచ్చి ఆ చెప్పుల పట్టీ తనే కుట్టేశారు. మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నా మీద ఒక్క మాట విసరలేదు. దానికంటే తిట్టడం నయం.

సాయంత్రం మాత్రం, "గురువారం చెబుతావుగా?" అన్నారు.

"చెబుతాను."

"అమ్మాయికో?"

"రాస్తున్నాను."

"ఊ" అన్నారు. అంతే.

నిన్న విచారణ ఆ హాల్లోనే జరిగింది. మేడం, ఛైర్మన్, నేను, మామయ్య, గుమస్తా ఒకరు. ఆవిడ కాగితం చదవడం మొదలుపెట్టగానే లేచి చెప్పేశాను. ఛైర్మన్ ముఖం తిప్పుకున్నాడు. అతను అప్పుడన్న మాట నేను ఎత్తలేదు. కలిపిన చెయ్యి నాది. మేడం నమ్మలేదు. "మామగారి పేరు కాపాడటానికి చెబుతున్నారేమో. రుజువేముంది?" అంది. పరంజా ఎక్కుదాం రమ్మన్నాను. ఊడిన పట్టీకి అటూ ఇటూ జానెడేసి ఇంకా గోడకి అతుక్కునే ఉంది. సిమెంటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? సుద్దముక్కతో రెండు గీతలు గీశాను. ఆవిడ గీతకి ఇవతల తట్టింది, మెత్తటి చప్పుడు. అవతల, సిమెంటు వైపు తట్టింది, ఠంగుమంది. ఇంకోసారి ఇవతల, ఇంకోసారి అవతల. తర్వాత హాలు పొడుగునా పరంజా జరిపించుకుంటూ మామయ్య చేసిన కార్నిసంతా గజం గజం తట్టుకుంటూ పోయింది. గంటన్నర పట్టింది. మామయ్య కింద నిలబడి, నన్ను చూడకుండా, ఆవిడ చేతినే చూస్తూ ఉండిపోయారు. ఎవరు కూర్చోమన్నా కూర్చోలేదు.

దిగాక ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి, "పెద్ద మేస్త్రీ గారూ, కప్పు ముట్టుకోం. ఆ మూల మీరే చెయ్యాలి, గోడ ఎప్పుడు ఆరిందంటే అప్పుడే" అంది. నా వైపు తిరిగి, "ఒక మనిషి చచ్చిపోయేది, తెలుసా?" అంది. తెలుసన్నాను. రక్షిత కట్టడాల మేస్త్రీల జాబితాలోంచి నా పేరు కొట్టేసింది. మళ్ళీ ఎప్పుడు ఎక్కుతుందో చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటికొచ్చి రికార్డుల ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆవిడ నన్ను చాలాసేపు చూసి, "పిల్లలున్నవాడివి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఇవాళ పొద్దున మామయ్య ట్రంకు తెరిచి తాపీ తీసుకుని పనికి వెళ్ళారు. నేను బూట్లు వేసుకోబోతే, "నువ్వు పైకి రావద్దులే" అన్నారు. గట్టిగా అనలేదు. గోరింక ఆయన వేలు పట్టుకుని మలుపుదాకా వెళ్ళొచ్చి, "నాన్నా, నువ్వు ఎందుకు వెళ్ళలేదు?" అంది. దానికి అర్థమయ్యేటట్టు చెప్పాను. విని కాసేపు మాట్లాడలేదు. మన గోరింక మాట్లాడకపోవడం ఇదే మొదటిసారి.

ఇక్కడితో ముగించవచ్చు. ఆఫీసులో తెలియాల్సిందంతా తెలిసింది, మామయ్యకి తెలిసింది, నీకూ రాశాను. కానీ ఒకటి మిగిలింది. అది ఎవరూ అడగలేదు.

కార్నిసు పడిన మర్నాడు ఆయన నా దగ్గరికి వచ్చి, కుడిచెయ్యి నా చేతిలో పెట్టారు. "వేళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయి అల్లుడూ. వేరేవాళ్ళైతే నా మనసు కోసం చెబుతారు. నువ్వైతే ఉన్నది చెబుతావు. చూడు" అన్నారు. ఒక్కో వేలూ నొక్కి చూశాను, చూస్తున్నట్టు. ఆ వేళ్ళలో నా వేళ్ళకంటే పట్టుంది. అది తెలుస్తూనే ఉంది. "వయసు మామయ్యా. ఇన్నేళ్ళు చేశారు, ఇంక చాలదా" అన్నాను. ఆయన తల ఊపి, చెయ్యి వెనక్కి తీసుకుని, లోపలికి వెళ్ళి తాపీ కడిగారు.

సిమెంటు ఛైర్మన్ మాటకి వేశానని చెప్పుకోవచ్చు. ఇది ఎవరి మాటకి చేశానని చెప్పుకోను? ఆయన ఆదివారం నన్ను ఇది అడగలేదు. నిన్న మేడం ముందు అనలేదు. నువ్వు సెలవులకి వచ్చినా నీతో అనరు, మన కాపురం గురించి ఆలోచించి కడుపులో పెట్టుకుంటారు. ఆయన్ని అలా మోయనివ్వడం నాకు ఇష్టం లేదు. అందుకని రాశాను.

ఇట్లు,
నీ బావ